బన్నీ హాప్ నేర్చుకోవడం: బెంగళూరులో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మేం కొంతమంది తెలుగువాళ్లం ఆదివారం తెల్లవారగానే సైకిళ్లు వేసుకుని ఓ ఖాళీ గ్రౌండులో కలుస్తాం. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో రాసిన జవాబు వారం తిరక్కుండా ఎక్కడో పైకి వెళ్లిపోతుంది, మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీరు ఏ దశలో ఉంటే అక్కడికి వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

బన్నీ హాప్ అంటే ఏంటి? వీలీ లాంటిదేనా?

కాదు. వీలీలో ముందు చక్రం ఒక్కటే లేస్తుంది, పెడల్ తొక్కుతూ దాన్ని గాల్లో నిలబెడతారు. బన్నీ హాప్‌లో కదులుతున్న సైకిల్ రెండు చక్రాలూ నేల వదలాలి, అదీ ర్యాంపు లేకుండా. పేరుకి తగ్గట్టే కుందేలు గెంతులా ఉంటుంది: ముందుభాగం లేచాక వెనకభాగం దాన్ని అందుకుంటుంది. బీఎంఎక్స్‌కైనా (చిన్న చక్రాల సైకిళ్లతో చేసే రేసులు, విన్యాసాలు), మౌంటెన్ బైకింగ్‌కైనా, ట్రయల్స్‌కైనా (కాలు కింద పెట్టకుండా అడ్డంకులు దాటే పోటీ) ఇదే అక్షరాభ్యాసం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో చేరిన బీఎంఎక్స్ రేసింగ్ చూసినా, గోడల మీదకి సైకిల్ ఎక్కించే స్కాట్లండ్ రైడర్ డానీ మెకాస్కిల్‌ని చూసినా, ఆ పెద్ద విన్యాసాల అడుగున ఈ చిన్న గెంతే కనిపిస్తుంది.

రెండు చక్రాలూ ఒకేసారి పైకి లాగడం నాకు వచ్చు. అది చాలదా?

చిన్న పైపు, చెట్టు వేరు లాంటివి దాటడానికి చాలు. గొంతు కూర్చుని ఒక్కసారిగా పైకి లేస్తూ సైకిల్‌ని వెంట లాగుతారు. షూ పెడల్‌కి బిగించుకునే క్లిప్పులుంటే ఇది మరీ తేలిక. కానీ మనిషీ సైకిలూ కలిసి అంత ఎత్తూ నిట్టనిలువుగా లేవాలి కాబట్టి ఎత్తు త్వరగా ఆగిపోతుంది. ముందు చక్రం తర్వాత వెనక చక్రం లేచే పద్ధతిలో అదే శ్రమకి ఎక్కువ ఎత్తు వస్తుంది. క్లిప్పులతో అలవాటైనవాళ్లు మామూలు పెడల్స్ మీద మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. అందుకే నేను మామూలు పెడల్స్‌తోనే మొదలుపెట్టమంటాను.

నాది హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం). దీంతో కుదురుతుందా, కొత్తది కొనాలా?

కొనకండి. ముందు, వెనక చక్రాలను విడివిడిగా లేపడం హైబ్రిడ్ మీదే నేర్చుకోవచ్చు. కాస్త వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ మీద ఫుట్‌పాత్ అంచు ఎత్తు వరకూ చేసినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు. సులువుగా వచ్చేది బీఎంఎక్స్ మీద, లేదా ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ మీద. నేను వద్దనేది ఒక్కటే, చవగ్గా దొరికే డబుల్ సస్పెన్షన్ సైకిల్. చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ బరువెక్కువ, మీరు నేలను తన్నే బలమంతా ఆ వెనక స్ప్రింగే మింగేస్తుంది. మడతపెట్టే సైకిల్ కీలు ఈ దెబ్బలకి తయారైంది కాదు. ఊళ్లో నాన్నగారు తొక్కిన పాత అట్లాస్ లాంటి బండి ఉంటే దాన్ని ప్రేమగా తొక్కుకోండి, దీనికి మాత్రం వాడకండి.

సైకిల్‌కి ఏమేం చెక్ చేయాలి?

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రంతో సంబంధం లేకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క) బోల్టులు బిగించాలి. ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి, మెడ దగ్గర టకటకమంటే అక్కడి బేరింగులు, అంటే హెడ్‌సెట్, వదులు. రెండు చక్రాల క్విక్ రిలీజ్ లీవర్లు (పానా లేకుండా చక్రం ఊడదీసే పిడులు) ఉంటే అవి గట్టిగా మూసి ఉండాలి. హ్యాండిల్ చివర్లలో బిరడాలు లేకపోతే వెంటనే పెట్టించండి. పడినప్పుడు ఆ ఖాళీ గొట్టం అంచు పొట్టలోకి దిగగలదు, ఇది పది రూపాయల వస్తువని తేలిగ్గా తీసుకోవద్దు.

సీటు పూర్తిగా కిందికి దించండి. క్యారియర్, స్టాండు, బుట్ట, బాటిల్, లాక్ అన్నీ తీసి పక్కన పెట్టండి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

రెండంగుళాల మౌంటెన్ బైక్ టైరుకి, 70 కిలోల మనిషికి, 35 నుంచి 40 పీఎస్ఐ (గాలి పంపు మీద కనిపించే ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. సన్నటి హైబ్రిడ్ టైరుకి ఇంకా ఎక్కువ కావాలి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకె మాత్రం దాటకూడదు.

హెల్మెట్ సరిపోతుందా?

హెల్మెట్ లేకుండా మా గ్రౌండులోకి ఎవర్నీ దిగనివ్వం. లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ అనే భద్రతా ప్రమాణం పేరు రాసి ఉందో లేదో చూసి కొనండి. దానితోపాటు మొదటి నెలలో ఎక్కువ దెబ్బ తగిలేది పిక్క ముందున్న ఎముకకి. కాలు జారగానే పెడల్ గిర్రున తిరిగి వచ్చి అక్కడే కొడుతుంది. ఫుట్‌బాల్ వాళ్లు కట్టుకునే షిన్ గార్డులు సరిగ్గా సరిపోతాయి. వేళ్లు మూసే గ్లౌజులు, మోకాలి ప్యాడ్లు ఉంటే మంచిది. మడమ ఎత్తుగా మెత్తగా ఉండే రన్నింగ్ షూ కంటే, అడుగు చదునుగా ఉండే రబ్బరు సోల్ బూట్లే పెడల్‌ని బాగా పట్టుకుంటాయి.

బెంగళూరులో ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పర్వాలేదా?

బేస్‌మెంట్ వద్దు. నున్నటి నేల, స్తంభాలు, హఠాత్తుగా మలుపు తిరిగి వచ్చే కార్లు. ఒకవేళ పైన కార్లు రాని చదునైన చోటుంటే సెక్యూరిటీకి చెప్పి వాడుకోండి.

చాలా లేఔట్లలో ఇంకా ఇళ్లు కట్టని సైట్లూ, వాటి ముందు బండ్లు తిరగని రోడ్లూ ఉంటాయి. పొద్దున ఆరింటికి అవే బెస్ట్. గాజుపెంకులు, ఇనుప చువ్వలు ఉన్నాయేమో ముందు ఓసారి నడిచి చూసుకోండి. గట్టిపడిన ఎర్రమట్టి గ్రౌండు దొరికితే అదృష్టమే, పడినా తారురోడ్డంత గీసుకుపోదు. కబ్బన్ పార్కులో ఆదివారం మోటారు బండ్లు రానివ్వరు కాబట్టి చాలామంది అక్కడికెళ్దాం అంటారు. కానీ ఆ రోజు పిల్లలు, ముసలివాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు నిండిపోతారు. అక్కడ సరదాగా తొక్కండి, గెంతులు వద్దు. ఎక్కడైనా ఎవరైనా వచ్చి అడిగితే “స్వల్ప ప్రాక్టీస్ మాడ్తీవి సర్” (కొంచెం ప్రాక్టీస్ చేసుకుంటాం సార్) అని కన్నడలో మర్యాదగా చెప్పండి. వద్దంటే వాదించకుండా వచ్చేయండి. మన తర్వాత వచ్చేవాళ్లకి ఆ చోటు మిగలాలి.

నాకు నలభై రెండేళ్లు. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

నిరభ్యంతరంగా. మా దగ్గర అందరికంటే శుభ్రంగా గెంతే ఆయనకి నలభై ఆరు. నడుము, మోకాళ్లు, మణికట్టు పాత నొప్పులుంటే ముందు డాక్టర్ని అడగండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట చాలు.

## మొదటి మెట్టు: చక్రాలు విడివిడిగా

మొదటి రోజు ఏం చేయాలి?

గెంతొద్దు. పెడల్స్ రెండూ నేలకి సమాంతరంగా పెట్టి, సీటు మీంచి లేచి నిలబడి, మోచేతులు మోకాళ్లు కాస్త వంచి, నెమ్మదిగా దొర్లుతూ వెళ్లండి. ఒక వేలు వెనక బ్రేకు మీద. ఏ లీవర్ వెనక చక్రానిదో నొక్కి చూసి ఖాయం చేసుకోండి, అన్ని సైకిళ్లకీ ఒకేలా ఉండదు. ఇప్పుడు ఒళ్లంతా కిందికి నొక్కి వదలండి. టైర్లు కొంచెం అణిగి తిరిగి మిమ్మల్ని పైకి నెట్టడం తెలుస్తుంది. ఊయల మీద నిలబడి ఊగేటప్పుడు సరైన క్షణంలో గొంతు కూర్చుని లేస్తాం చూడండి, అదే పట్టు. ఆ తిరుగుదెబ్బ ఎప్పుడొస్తుందో ఒంటికి తెలియడమే మొదటి రోజు పాఠం.

అన్నా, ఎంత లాగినా ముందు చక్రం జానెడు కూడా లేవట్లేదు. చేతుల్లో బలం లేదంటావా?

చేతుల్లో బలం అక్కర్లేదు తమ్ముడూ. అసలు చిక్కు అక్కడే. అందరూ హ్యాండిల్‌ని మోచేతులు వంచి పైకి లాగుతారు. మన బరువు ఇంకా హ్యాండిల్ మీదే ఉంటే, మనల్ని మనమే ఎత్తుకున్నట్టు అవుతుంది. చక్రం ఎందుకు లేస్తుంది?

ముందు చక్రాన్ని లేపేది తుంటి. ఎల్ అక్షరం గుర్తుపెట్టుకోండి: మొదటి గీత నిలువుగా కిందికి, రెండో గీత అడ్డంగా వెనక్కి. ముందు ఛాతీ హ్యాండిల్ వైపు కిందికి దించండి. అక్కణ్నుంచి ఆగకుండా తుంటిని వెనక చక్రం మీదకి జరపండి, సీటు వెనకాల పీట వేసి ఉంటే దానిమీద కూర్చోబోతున్నట్టు. పాదాలు పెడల్స్‌ని ముందుకి నెడుతుంటాయి. చేతులు మాత్రం తాళ్లలా చాచి వదిలేయాలి. మీ బరువు వెనక్కి వెళ్లేసరికి ఆ తాళ్లు బిగుసుకుంటాయి, చక్రం దానంతటదే లేస్తుంది. బియ్యం మూట నడుముతో కాకుండా కాళ్లతో ఎత్తమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు కదా, ఇక్కడా అంతే. మోచేతులు వంగాయంటే తప్పు దారిలో ఉన్నట్టు. ఇరవైసార్లు చేతులు చాచే చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

నేను దీని మీద రెండు నెలలు పోగొట్టుకున్నాను. రోజూ భుజాలు నొప్పెట్టేదాకా లాగేవాణ్ని. చేతులు వదిలేయమని ఓ స్నేహితుడు చెప్పిన రోజే చక్రం మోకాలి ఎత్తుకి వచ్చింది.

వెల్లకిలా పడిపోతానేమోనని టెన్షన్. ఎలా పోగొట్టుకోవాలి?

భయం పోవాలంటే తప్పించుకునే దారి ముందే అలవాటు చేసుకోవాలి. వెనక బ్రేకు కొంచెం తాకితే చాలు, లేచిన ముందు చక్రం దిగిపోతుంది. నెమ్మదిగా వెళ్తూ చక్రం లేపడం, బ్రేకుతో దింపడం, ఇదే పదే పదే చేయండి. తర్వాత గడ్డి మీద కావాలనే ఎక్కువ వెనక్కి వెళ్లి, సైకిల్ వదలకుండా రెండు కాళ్ల మీద వెనకాల నిలబడండి. ఓ పదిసార్లు అలా దిగాక ఒంటికి ధైర్యం వస్తుంది. క్లిప్పుల పెడల్స్‌తో ఈ సాధన చేయొద్దు.

కాళ్లు పెడల్‌కి అతికించి లేవు కదా, వెనక చక్రం ఎలా లేస్తుంది?

పాదం చేసే పనివల్ల. మునివేళ్లు నేలవైపు వంచి, పెడల్‌ని వెనక్కి నెట్టండి. పాదానికీ పెడల్‌కీ మధ్య ఆ ఒరిపిడి ఉన్నంతసేపు సైకిల్ కాళ్ల వెంటే వస్తుంది. అదే సమయంలో చేతులతో హ్యాండిల్‌ని పట్టి కొంచెం ముందుకి తిప్పినట్టు నొక్కాలి. ఇంకో మాట: చక్రం లేవాలంటే దాని మీద మీ బరువు ఉండకూడదు. అందుకే ముందు పెడల్స్‌ని నొక్కి పైకి లేవండి, ఒళ్లు తేలికైన ఆ క్షణంలో పాదాలు వెనక్కి గోకినట్టు లాగండి. ముందు చక్రం నేల మీదే ఉంచి, వెనక చక్రం నాలుగంగుళాలు లేచేదాకా ఇదొక్కటే సాధన చేయండి. ముందు బ్రేకు నొక్కి లేపడం వేరే విద్య, ఇక్కడ ఉపయోగపడదు. పిన్నులున్న పెడల్స్ అయితే సగం కష్టం తగ్గుతుంది, నున్నటి ప్లాస్టిక్ పెడల్స్ మీద పాదం జారిపోతుంది.

## రెండో మెట్టు: కలిపి గెంతడం

రెండూ విడిగా వచ్చాయి. కలిపితే మాత్రం వెనక చక్రం నేలకి అతుక్కుపోతోంది. ఎందుకు?

మధ్యలో ఒక పని మర్చిపోతున్నారు: నిలబడటం. ముందు చక్రం లేచాక చాలామంది ఆ వెనక్కి వాలిన భంగిమలోనే ఉండి కాళ్లు ముడుస్తారు. బరువంతా వెనక చక్రం మీదే ఉండగా అది ఎలా లేస్తుంది?

చక్రం లేవగానే కాళ్లు చాచి పైకి లేవండి, తుంటి ముందుకి వచ్చి హ్యాండిల్‌కి దగ్గరవ్వాలి. నేల మీద నిలబడి పైకి ఎగిరితే ఒళ్లు నిటారుగా సాగుతుంది కదా, అలా. ఆ పైకి లేచే ఊపు అయిపోయే క్షణంలో హ్యాండిల్‌ని ముందుకి నెట్టండి, మోకాళ్లు ముడిచి పాదాలతో సైకిల్‌ని వెనక్కి, పైకి తీసుకురండి. సైకిల్ మీ కింద సమంగా సర్దుకుంటుంది. మనం ఎగిరితే సైకిల్‌కి పైకి రావడానికి చోటు దొరుకుతుంది. మనం ఎగరకుండా సైకిల్‌ని ఎంత లాగినా చోటే లేదు.

నోటితో లెక్కపెట్టుకోండి: “కిందికి, వెనక్కి, లే, నెట్టు.” మూడో మాట దగ్గర తొందరపడితే మొత్తం చెడుతుంది. నా ఉద్దేశంలో బన్నీ హాప్ అంతా ఆ “లే”లోనే ఉంది.

ఎంత స్పీడు ఉండాలి?

మెల్లగా పరిగెత్తే వేగం, గంటకి 8 నుంచి 12 కిలోమీటర్లు. మరీ నెమ్మదైతే సైకిల్ ఊగిసలాడుతుంది, ఎక్కువైతే ఆలోచించే సమయం ఉండదు.

ఏ కాలు ముందు పెట్టాలి? ఏ గేరు?

పెడల్ తొక్కకుండా దొర్లుతూ నిలబడినప్పుడు మీకు సహజంగా ఏది ముందుంటే అదే. గేరు మధ్యలో ఉంచండి, చైన్ వదులుగా వేలాడకూడదు.

వీడియో తీసుకుంటే ఏం గమనించాలి?

పక్కనుంచి, తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో తీయండి. మూడు చోట్ల ఆపి చూడండి. ముందు చక్రం లేస్తున్నప్పుడు చేతులు చాచి ఉన్నాయా? ముందు చక్రం అన్నిటికంటే ఎత్తులో ఉన్నప్పుడు మోకాళ్లు నిటారయ్యాయా? దిగేటప్పుడు రెండు చక్రాలూ దాదాపు ఒకేసారి తాకాయా? మీకు గాల్లో అడుగు ఎత్తు లేచినట్టు అనిపించింది వీడియోలో రెండంగుళాలే కనిపిస్తుంది. నిరుత్సాహపడకండి, రెండంగుళాలూ నిజమైనవే.

## మూడో మెట్టు: అడ్డంకి పెట్టాక

ఖాళీ నేల మీద బాగా లేస్తోంది. ఇటుక కనబడగానే చేతులూ కాళ్లూ ఆడట్లేదు.

ఇటుకతో మొదలుపెట్టొద్దు. నేల మీద సుద్దతో గీత గీసి దాన్ని దాటండి. తర్వాత చుట్టిన అట్టముక్క, ఆ తర్వాత రెండు ఇటుకల మీద ఊరికే ఆనించిన పీవీసీ పైపు. చక్రం తగిలితే పైపు దొర్లిపోవాలి, మీరు పడకూడదు. పడుకోబెట్టిన ఇటుక సుమారు 3 అంగుళాలు, పక్కకి నిలబెడితే 4, నిట్టనిలువుగా పెడితే 9 అంగుళాలు. అంటే మీ చేతిలో ఉన్న రెండు ఇటుకలే మూడు ఎత్తుల కొలబద్ద. ఒక ఎత్తు పదిసార్లలో ఎనిమిదిసార్లు తగలకుండా దాటితేనే పెంచండి. చూపు పైపు మీద కాదు, దాని అవతల దిగబోయే చోట ఉండాలి.

అడ్డంకికి ఎంత దూరంలో మొదలుపెట్టాలి?

గంటకి 10 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకి దాదాపు 2.8 మీటర్లు పోతుంది. కిందికి వంగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ముందు చక్రం పూర్తిగా లేచేదాకా సుమారు అర సెకను అనుకుంటే, అది 1.4 మీటర్లు. కాబట్టి ముందు చక్రం అడ్డంకికి ఇంకా ఒకటిన్నర మీటరు దూరంలో ఉండగానే వంగాలి. ఆ చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. ముందు చక్రం తగిలితే మీరు ఆలస్యం, గుర్తు వెనక్కి జరపండి. వెనక చక్రం దిగి తగిలితే తొందరపడ్డారు, ముందుకి జరపండి.

ప్రతిసారీ వెనక చక్రం కొట్టుకుంటోంది, ట్యూబులో పక్కపక్కనే రెండు రంధ్రాలు పడుతున్నాయి. ట్యూబు నాసిరకమా?

ట్యూబు తప్పు కాదు. గట్టి అంచు మీద చక్రం బలంగా దిగినప్పుడు టైరు పూర్తిగా అణిగి, రిమ్ముకీ అంచుకీ మధ్య ట్యూబు నలుగుతుంది. పాము కాటులా జంట రంధ్రాలు పడటం దానికి గుర్తు. గాలి ఐదు పీఎస్ఐ పెంచండి, అంతకంటే ముఖ్యంగా అడ్డంకి ఎత్తు తగ్గించండి. చక్రం తిప్పి చూసి ఊగుతుంటే షాపులో బెండు తీయించండి. వంకర రిమ్ముతో సాధన కొనసాగిస్తే పుల్లలు ఒక్కొక్కటిగా తెగుతాయి.

దిగేటప్పుడు దభీమని పడుతున్నాను. మెత్తగా ఎలా దిగాలి?

గాల్లో ఉండగానే చేతులు, కాళ్లు కొంచెం సాచి నేలను వెతకండి, తాకగానే వంచండి. పెడల్స్ సమంగానే ఉండాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. వెనక చక్రం ఓ వెంట్రుకవాసి ముందు తాకినా మంచిదే. బ్రేకు నొక్కి దిగొద్దు.

## దెబ్బలు, ఆగిపోవడాలు

పడినప్పుడు చేయి ఆనించాను. బొటనవేలి మొదట్లో నొప్పి. కట్టు కట్టుకుంటే చాలా?

చాలదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అరచేయి ఆనించి పడినప్పుడు మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరగొచ్చు. బొటనవేలి కింద పల్లంలో నొక్కితే నొప్పి ఉండటం దానికి ముఖ్యమైన సూచన. మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా, కాబట్టి నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. ఆ ఎముకకి రక్తసరఫరా తక్కువ, వదిలేస్తే సరిగా అతకదు. బెణుకే అనుకుని నేను పది రోజులు క్రేప్ బ్యాండేజీతో ఆఫీసుకి తిరిగాను. ఆ తర్వాత చేయి కదపకుండా గడిపిన వారాలు నాకు బాగా గుర్తున్నాయి.

మర్నాడు నడుము పట్టేస్తోంది.

వీపు వంచి లాగుతున్నారు. తుంటి దగ్గర వంగండి, వీపు తిన్నగా ఉంచండి. రెండు రోజులు విరామం ఇవ్వండి. నొప్పి కాలిలోకి దిగుతుంటే మాత్రం సాధన ఆపి చూపించుకోండి.

నెల దాటింది, ఎత్తు అంగుళం కూడా పెరగలేదు. నాకు రాదేమో?

నెల చాలా తక్కువ. ఆఫీసు, ట్రాఫిక్ పోగా మనకి వారానికి గంట దొరకడమే కష్టం. ఎత్తు కొలవడం ఓ రెండు వారాలు మానేయండి. ముందు చక్రం ఒక్కటే ఎత్తుగా లేపడం మీదకి వెనక్కి వెళ్లండి. చాలామందికి ఆగిపోయేది అక్కడే: ముందు చక్రం ఎంత లేస్తే వెనక చక్రానికి అంతే చోటు. ఒక్కో రోజు ఒక్క విషయమే పట్టుకోండి. అలసిపోయాక చేసే గెంతులు తప్పుడు అలవాట్లనే గట్టిపరుస్తాయి, కాబట్టి ఇంకా ఓపిక ఉండగానే ఆపండి.

## రోడ్డు మీద

ఇక్కడి గుంతలు, హంప్‌లు గెంతి దాటొచ్చా?

మనం స్పీడ్ బ్రేకర్ అనేదాన్ని ఇక్కడ హంప్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకి 10 కిలోమీటర్ల వేగంలో 0.3 సెకను గాల్లో ఉంటే మీరు దాటేది 80 సెంటీమీటర్లు. అంటే హంప్‌ని దాటరు, దాని నడినెత్తిన దిగుతారు. నెమ్మదిగా తొక్కి ఎక్కి దిగండి.

గుంత ముందే కనబడితే పక్కకి తప్పుకోండి. తప్పుకునే దారి లేక, వెనక బండి లేదని తెలిసి, గుంత సన్నగా ఉంటే గెంతొచ్చు. అవుటర్ రింగ్ రోడ్డు మీద వెనకాల టెంపో ట్రావెలర్ హారన్ కొడుతుంటే గెంతడం మాత్రం ఎప్పుడూ చేయకండి. తేడా వస్తే లేవడానికి సమయం ఉండదు.

ఫుట్‌పాత్ మీదకి ఎక్కొచ్చా?

అడ్డంకిగా ఫుట్‌పాత్ అంచు బాగుంటుంది, చాలాచోట్ల ఆరంగుళాల పైనే ఉంటుంది. కానీ అది నడిచేవాళ్లది. లేఔట్‌లో మనుషులు లేని చోట, వదులు స్లాబులు లేవని చూసుకుని, 9 అంగుళాల ఎత్తులో పెట్టిన పైపుని నిలకడగా దాటగలిగాకే ప్రయత్నించండి.

వాన పడ్డాక చేయొచ్చా?

తడి ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, తడి పెడల్ మీద బూటు నిలవదు. సాయంత్రం వాన పడితే మర్నాడు పొద్దున గ్రౌండు తడిమి చూడండి, వేలు దిగితే ఆ రోజు మానేయండి. నీళ్లు నిండిన గుంత ఎంత లోతో తెలీదు, దాని అవతల అంచు ఎక్కడుందో కూడా తెలీదు. దిగి నడిపించుకుంటూ వెళ్లండి.